డబ్బా చెప్పనన్న డైలాగు

మంచుపాలెం సౌండ్ బూత్ లాగ్. రాస్తున్నది పంకజం.

మొదటి రీలు

పొద్దున్నే మైకు మీద పేరుకున్న మంచు గీకాను. రికార్డింగ్ అప్పుడు హీటర్ కట్టేయాలి, లేకపోతే దాని గురక సినిమాలో పడుతుంది. కట్టేస్తే మైకు గడ్డకడుతుంది, దాంతోపాటు నేనూ గడ్డకడతాను. ఈ సంగతి ఊరి కమిటీ వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. పని జరిగిన ప్రతిరోజూ లాగ్ రాయాలన్నారు కాబట్టి రాస్తున్నాను. నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు, చదివి ఎవరూ బాధపడక్కర్లేదు.

మేముండే చందమామకి పక్కనున్న చందమామ మీది ఊరివాళ్ళు పిల్లల కోసం తీసిన బొమ్మల సినిమా ఇది. మిన్నూ అనే పాపకీ, డబ్బా అనే రోబోకీ స్నేహం. దీన్ని తెలుగులోకి మార్చే పని మా కమిటీ పెద్ద ధర్మారావు గారు తెచ్చి నా నెత్తిన పెట్టారు. మామూలుగా అయితే పోవయ్యా అనేదాన్ని. కానీ పెద్ద పోటు వస్తోంది.

మా ఆకాశంలో సగం ఆక్రమించుకుని కూర్చున్న గ్రహాన్ని మేం పెద్దాయన అంటాం. అసలు పేరేదో ఉంది, ఎవరూ వాడరు. కొన్నేళ్ళకోసారి మా చందమామ ఆయనకి బాగా దగ్గరగా వెళ్తుంది. ఆయన లాగితే మా ఊరి చుట్టూ ఉన్న మంచు పగులుతుంది, ఊళ్ళో గాలి బయటికి పోతుంది. పెద్దవాళ్ళం సూట్లు తొడుక్కుని మెట్ల దారిన కింద అడుగు గదికి దిగిపోతాం. పిల్లలకి సూట్లు లేవు. తొడిగిన నాలుగు రోజులకే పొట్టయిపోయే సూట్లు ఎవరు కుడతారు? వాళ్ళని గంపలు సొరంగాల దారిన మోసుకెళ్తాయి.

గంప అంటే ఆరు కాళ్ళ మర. పొట్టలో ఆరుగురు పిల్లలు పడతారు. వెనకటికి కోడిపిల్లల మీద బోర్లించే గంపలా గుండ్రంగా ఉంటుందని మా అమ్మమ్మ వాళ్ళు పెట్టిన పేరు.

చిక్కంతా మా చెల్లెలు సునంద కూతురు ధాత్రితో వచ్చింది. దానికి ఏడేళ్ళు. కిందటి పెద్ద పోటులో వాళ్ళ నాన్న ఊరి గేటు మూయడానికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటి నుంచి తలుపు మూసిన చోట ఆ పిల్ల కూర్చోదు. పోటు రిహార్సల్‌లో గంప ఎక్కిస్తే మాస్కు లాగేసింది, తలుపుకి కాలు అడ్డం పెట్టింది. తలుపు పడకపోతే గంప కదలదు. దాన్ని చూసి మిగతా ఐదుగురూ ఏడుపు లంకించుకున్నారు. నిజం పోటు రోజు ఇలాగే జరిగితే ఆరుగురూ పోతారు.

అందుకని ఈ సినిమా. డబ్బాకి మనిషి గొంతు వద్దు, మా గంపే మాట్లాడాలి అన్నారు ధర్మారావు గారు. పోటు రోజు అదే గొంతు వింటే "మన డబ్బాయే కదా" అని పిల్లలు ఎక్కేస్తారట. ఆలోచన బాగుందని నేనూ తలూపాను, నా ఖర్మ.

మెకానిక్ బాషా గంపని నడిపించుకొచ్చి మైకు ముందు నిలబెట్టాడు.

"నా పేరు డబ్బా, అనమ్మా," అన్నాను.

"నా పేరు డబ్బా కాదు," అంది గంప.

"తెలుసు తల్లీ. సినిమాలో డబ్బా. ఒక్కసారి అను."

"నా పేరు డబ్బా కాదు."

బాషా తల గోక్కున్నాడు. "అది అబద్ధం చెప్పదు పంకజక్కా. గాలి ఎంతుంది, గోడ ఎక్కడ పగిలింది అని చెప్పే మర. తనకి తెలిసిందే నోటి నుంచి రావాలని కట్టడి పెట్టి చేశారు. అలా కాకపోతే దాని మాట మీద మనం ప్రాణాలు పెట్టుకుంటామా?"

"ఇది అబద్ధం కాదయ్యా బాబూ, నటన!"

"ఆ తేడా ఏందో నువ్వే చెప్పు దానికి."

చెప్పాను. భోజనాల గంట కొట్టేదాకా చెప్పాను. నా తల ప్రాణం తోకకొచ్చింది గానీ గంప మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడింది.

రెండో రీలు

మిన్నూ గొంతుకి పిల్లలందర్నీ పిలిచి చదివించి విన్నాను. అందర్లోకీ ధాత్రి గొంతే బాగుంది, ఏం చేస్తాం. బూత్ తలుపు తీసి ఉంచితేనే చెప్తానంది. తలుపు తీస్తే వీధిలో రొదంతా లోపలికొస్తుంది. సరేనన్నాను. అది గుమ్మంలో ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టి నిలబడింది.

గంప మళ్ళీ "నా పేరు డబ్బా కాదు" అనగానే ధాత్రి పకపకా నవ్వింది. ఆ పిల్ల అలా నవ్వి ఎంతకాలమైందో.

"మేమందరం నిన్ను డబ్బా అని పిలిస్తే అప్పుడు నీ పేరు డబ్బాయేగా?" అంది.

గంప ఒప్పుకుంది. "పేరంటే అందరూ పిలిచేదే. పిలిస్తే అవుతుంది."

అంతే, ఆ పిల్లమూక సాయంత్రం దాకా గంప వెంటపడి డబ్బా డబ్బా అని ఊరంతా తిప్పారు. తిరిగొచ్చాక మైకు ముందు నిలబడి, నేను అడక్కముందే, "నా పేరు డబ్బా," అంది ఆ మర. ఒక్క టేక్‌లో ఓకే.

నాకప్పుడు కిటుకు తెలిసింది. దీని చేత డైలాగు చెప్పించాలంటే ముందు ఆ డైలాగుని నిజం చేయాలి. "మిన్నూ, నీ బంతి దొరికింది" అనాలంటే ముందు బంతి దాచాలి, అది వెతకాలి. నాకు ఇంతకుముందే బోలెడంత పని, ఇప్పుడిది కూడా.

ధాత్రికి మాత్రం ఇదొక ఆట అయిపోయింది. అబద్ధం చెప్పని దాన్ని జీవితంలో మొదటిసారి చూసింది కాబోలు, మధ్యలో రికార్డింగ్ ఆపి ప్రశ్నలు.

"మా పెద్దమ్మ ఉప్మా బాగుంటుందా?"

"నాకు నాలుక లేదు. పిల్లలు పళ్ళేల్లో వదిలేసింది చూశాను. చాలా వదిలేశారు."

బాషా నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. వాడి సంగతి తర్వాత చూస్తాను.

మూడో రీలు

ఈ రీల్లో డబ్బా మిన్నూకి ఆకాశం చూపిస్తుంది. "మిన్నూ, ఎంత అందంగా ఉందో చూడు!" అనాలి. బూత్‌లో ఆకాశం ఎక్కణ్ణుంచి తెస్తాను? రికార్డర్ భుజాన వేసుకుని, గంపనీ ధాత్రినీ వెంటబెట్టుకుని ఊరి నెత్తిన ఉన్న గాజు గదికి ఎక్కాను. మెట్లకి తలుపుల్లేవు కాబట్టి పిల్ల పేచీ పెట్టలేదు.

నేనిక్కడే పుట్టాను. అయినా ఆ గదిలోకి వెళ్ళి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. పైపులు, మైకులు, పప్పు నానబెట్టడం, వీటితోనే సరిపోతుంది. తలెత్తితే పెద్దాయన ఉన్నాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆయనే. ఎరుపు, గంధం, వెన్నరంగు చారలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మెల్లగా కదులుతున్నాయి. ఆ వెలుగు పడి కింద మంచు మైదానమంతా లేత గులాబీ రంగులో ఉంది. నా నోటికి తాళం పడింది. నాకు అలా జరగడం అరుదు.

ధాత్రి గాజుకి ముక్కు ఆనించి, "పెద్దమ్మా, ఈయనేనా మన ఊరు పగలగొట్టేది?" అంది.

"ఈయనే."

"ఇంత బాగున్నాడేంటి మరి?"

గంప వైపు తిరిగి డైలాగు చెప్పమన్నాను.

"అందం అంటే నాకు తెలియదు. ఆ మాట అనలేను," అంది.

"సరే, నీకు తెలిసిందే చెప్పు."

అది గాజు వైపు కళ్ళు తిప్పింది. తర్వాత, "ధాత్రీ, చూడు," అంది. "పగుళ్ళు చూడ్డానికి ఈ గదికి వచ్చిన ప్రతిసారీ నా కళ్ళు చేస్తున్న పని ఆపేసి అటే తిరుగుతున్నాయి. అలా తిరగమని నాకెవరూ చెప్పలేదు. పాడయ్యానేమోనని బాషా గారికి చెప్పాను. ఆయనకి ఏ రిపేరూ దొరకలేదు."

కిందికి దిగాక బాషాని అడిగాను. "నిజమేనక్కా, రెండుసార్లు విప్పి చూశా. అంతా శుభ్రంగా ఉంది," అన్నాడు.

సినిమాలో ఆ డైలాగు తీసేసి, "చూడు" అన్న ఒక్క మాట ఉంచాను. బొమ్మ నోరు ఇంకా కదులుతూనే ఉంటుంది, కదలనీ.

నాలుగో రీలు

ఇవాళ ఏం జరిగిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

తుపానులో మిన్నూ డబ్బా పొట్టలో దాక్కుంటుంది. డబ్బా, "ఏం కాదు మిన్నూ, నేనున్నాగా" అంటుంది. సినిమాకి ప్రాణం ఆ మాటే. ఈ ఒక్కదాని కోసమే కమిటీ ఇంత తతంగం పెట్టుకుంది.

"ఏమీ కాదని నాకు తెలియదు," అంది గంప.

"అబ్బా, అలా అంటారమ్మా! జ్వరమొస్తే ఏం కాదంటాం. పరీక్షకెళ్తుంటే ఏం కాదంటాం. మనిషి ఆఖరి ఘడియల్లో ఉన్నా పక్కన కూర్చుని ఏం కాదంటాం. ఈ మాట లేకపోతే మాకు రోజు గడవదు."

"అన్న తర్వాత ఏమీ కాలేదా?"

నేను రికార్డర్ కట్టేశాను.

ధర్మారావు గారు వచ్చారు. గుమ్మంలో ధాత్రి లేకుండా చూసి గొంతు తగ్గించారు. "పోటు నెత్తి మీదికొచ్చేసిందమ్మా. దాంతో వాదనలు పెట్టుకుంటే ఎలా? దాని పాత రిపోర్టులు ఉన్నాయిగా నీ దగ్గర. అందులోంచి మాటలు ఏరి అతికించెయ్."

అతికించాను. "ఈ పైపు మనది కాదు" అన్న చోట నుంచి ఒక ముక్క, "నేను గేటు దగ్గర ఉన్నాను" అన్న చోట నుంచి ఒక ముక్క, మిన్నూ పేరేమో బంతి డైలాగులోంచి. అతుకు తెలియకుండా కలపడంలో నాకు పేరుంది. పూర్తయ్యాక వేసి విన్నాను. గంప గొంతు వెచ్చగా, నిదానంగా, "ఏం కాదు మిన్నూ, నేనున్నాగా" అంది. నాకే ఏడుపొచ్చినంత పనయింది.

తిరిగి చూస్తే గుమ్మంలో ధాత్రి.

"డబ్బా, నువ్వన్నావా?" అని అడిగింది.

"గొంతు నాది. మాట నాది కాదు. నేను అనలేదు," అంది గంప.

ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. "దీని చేత కూడా అనిపించేశారా పెద్దమ్మా! గంప తలుపు మూస్తూ నాన్న ఇదే అన్నాడు. తర్వాత అమ్మ ఇదే అంది. నువ్వూ ఇదే అన్నావు. ఇదొక్కటే అనలేదు, దీన్నీ మీలా చేసేశారు!"

ఏడుస్తూ పరిగెత్తింది. నేను అతికించిన ముక్క చెరిపేశాను. ధర్మారావు గారు ఏదో అనబోతే, "ఇక మాట్లాడకండి, మీకు దణ్ణం పెడతాను," అన్నాను. గంప మాత్రం గుమ్మం వైపు కళ్ళు తిప్పి అలాగే నిలబడింది.

ఐదో రీలు

ఐదో రీలు చేయలేదు. పోటు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సైరన్ మోగేసరికి నేను సునంద ఇంటి ముందున్నాను, ధాత్రిని బతిమాలుతూ. అది నాతో మాట్లాడటం మానేసింది. కాళ్ళ కింద మంచు కడుపులోంచి మూలుగు లాంటి శబ్దం వచ్చింది, చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. గాలి పోతోందన్నమాట. సునంద దాన్ని ఎత్తుకుని పరుగు తీసింది. గంపలో ఐదుగురు పిల్లలు అప్పటికే కూర్చున్నారు, తలుపు తెరిచి ఉంది. ధాత్రి రెండు చేతులతో తలుపు అంచు పట్టుకుని కాళ్ళు అడ్డం పెట్టేసింది.

"ఎక్కమ్మా, ఏం కాదు..." అనబోయి సునంద నోరు నొక్కుకుంది.

ధాత్రి గంపతోనే మాట్లాడింది. "ఎక్కితే ఏం కాదా?"

"తెలియదు," అంది గంప.

చెప్పవే, ఈ ఒక్కసారికి చెప్పవే అని మనసులో దాన్ని బతిమాలాను.

"ఎక్కకపోతే?"

"ఇక్కడ గాలి అయిపోతోంది. ఎక్కకపోతే బతకవు. అది తెలుసు."

"మధ్యలో నన్ను వదిలేస్తావా?"

"నాకు ఆ పని చేతకాదు. లోపలి నుంచి తప్ప ఈ తలుపు తెరుచుకోదు. గడియ నీ చేతి దగ్గరే ఉంటుంది."

ధాత్రి ఆ గడియని చూసింది. ముట్టుకుంది. తర్వాత తనంతట తనే ఎక్కి, మాస్కు పెట్టుకుని, ఏడుస్తున్న పక్కపిల్ల మాస్కు కూడా సరిచేసింది. "ఏడవకే. ఇది తెలియనిది తెలియదనే చెప్తుంది," అంది. తలుపు పడింది.

మేం సూట్లలో మెట్ల దారిన దిగాం. అడుగు గదికి చేరి, సూట్లు విప్పి లెక్క చూసుకుంటే మిగతా గంపలన్నీ వచ్చాయి. మాది రాలేదు. దాని సొరంగం మధ్యలో మంచు కూలింది. బాషా, ఇంకో నలుగురు గునపాలు, మంచుకోత మరలు పట్టుకుని పరిగెత్తారు. నేను చేతనైన పని చేశాను. గంప మాట వినిపించే వైరు వెతికి స్పీకర్‌కి కలిపాను. ఊరంతా దాని చుట్టూ చేరింది. సునంద నా భుజం పట్టుకుంది, దాని గోళ్ళు గుచ్చుకున్నా కదల్లేదు నేను.

"ముందు దారి మూసుకుంది. వెనక దారి మూసుకుంది," అంటోంది గంప. "లోపల గాలి ఉంది. ఆరుగురూ ఉన్నారు. వేడి మిగల్చాలి కాబట్టి దీపం ఆర్పుతున్నాను."

పిల్లల ఏడుపులు. వాటి మధ్య ధాత్రి గొంతు. "నీకేమైంది డబ్బా?"

"మూడు కాళ్ళు మంచు కింద పడ్డాయి. కదల్లేను. కదల్లేనప్పుడు ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు."

నేను స్పీకర్ శబ్దం పెంచాను.

"ఏం కాదులే డబ్బా," అంది ధాత్రి. "నేనున్నాగా."

సునంద నోట్లో కొంగు కుక్కుకుంది.

"దానికి నా దగ్గర ఆధారం లేదు," అంది గంప.

"నాకూ లేదులే."

పైన ఎక్కడో పెద్దాయన మా చందమామని పట్టి లాగుతున్నాడు, గోడలు మూలుగుతున్నాయి. అప్పుడు ఆ మర, తనకి తెలిసింది తప్ప ఏదీ అననిది, "ఇంకోసారి చెప్పు," అంది.

ధాత్రి చెప్పింది. ఇంకోసారి చెప్పమంటే ఇంకోసారి చెప్పింది. కాసేపటికి ఆ చీకట్లో ఆరు గొంతులూ కలిసి దానికి ధైర్యం చెప్తున్నాయి. ఏడుపులు ఎప్పుడు ఆగాయో మేం గమనించనే లేదు. ధర్మారావు గారు స్పీకర్ ముందు నేల మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టారు.

బాషా వాళ్ళు మంచు తొలిచి వెళ్ళేదాకా పిల్లలు ఆ మాట చెప్తూనే ఉన్నారు. తలుపు ధాత్రే తీసింది, తన చేత్తో.

ఆరో రీలు

పోటు వెనక్కి పోయింది. ఊరు అతుకులు వేసుకుంటోంది. గంప బాషా షెడ్డులో పక్కకి ఒరిగి పడుకుని ఉంది, మూడు కాళ్ళు విప్పేశారు. ధాత్రి పొద్దున్నుంచీ దాని పొట్టలోనే కూర్చుని బువ్వ తింటోంది, తలుపు దగ్గరికి వేసుకుని. ఎవరూ వెయ్యమనలేదు.

పిల్ల చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిన సందు చూసుకుని దాని దగ్గర కూర్చున్నాను. అడగాలా వద్దా అని తటపటాయించాను గానీ, అడక్కుండా ఉండగలనా?

"డబ్బా, సొరంగంలో పిల్ల చెప్పిన మాట నమ్మావా?"

"లేదు. ఆధారం లేదు."

"మరి అన్నిసార్లు ఎందుకు చెప్పించుకున్నావే?"

"సీట్లలో వాళ్ళ గుండె చప్పుడు నాకు తెలుస్తుంది. నాకు ధైర్యం చెప్తున్నప్పుడల్లా ధాత్రి గుండె నెమ్మదించింది. తర్వాత మిగతా పిల్లలదీ."

మనుషులం మేం ఆ పిల్లకి చెప్పీ చెప్పీ అలిసిపోయాం. దాని చేత ఇంకొకరికి చెప్పించాలని ఒక్కరికీ తట్టలేదు.

"అంతేనా డబ్బా? పిల్లల కోసమేనా?" అన్నాను.

అది ఎంతసేపటికీ పలకలేదు. చెడిపోయిందేమోనని బాషాని పిలవబోయాను. అప్పుడు నెమ్మదిగా, ఒక్కో మాటా సరిచూసుకుంటున్నట్టు, అంది.

"అంతే అని చెప్పలేను."